పెరటి పొద నిండుగా పూయాలంటే

ఊరు కర్ణాటకలో ఉన్నా, తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా, యానాంలో ఉన్నా, తరతరాలుగా తెలుగువారు కాపురమున్న ఇంటి పెరటిలో నాలుగైదు పూలపొదలు కనిపించడం పరిపాటి. బావి గట్టున ఒక మల్లెపొద, గోడ వారగా మందార, పూజకు నందివర్ధనం, జడలో ముడుచుకోవడానికి కనకాంబరం, చలికాలానికి డిసెంబరు పూలు ఉంటాయి. సరిహద్దు దాటగానే వీటి పేర్లు మారుతాయి. మన మల్లెను కన్నడిగులు మల్లిగె అనీ, తమిళులు మల్లి అనీ, మరాఠీవారు మోగరా అనీ అంటారు. మందార కన్నడంలో దాసవాళ, తమిళంలో సెంబరుత్తి, మరాఠీలో జాస్వంద్. కనకాంబరం మరాఠీలో అబోలి. నందివర్ధనాన్ని మరాఠీవారు తగర అనీ, ఒడియావారు టగర అనీ పిలుస్తారు. నర్సరీకి వెళ్లి మొక్క అడిగేటప్పుడు ఈ పేర్లు తెలిసి ఉండటం మేలు.

పేర్లు ఎన్ని ఉన్నా ఇంటింటా వినిపించే ఫిర్యాదు ఒక్కటే. మొక్క ఏపుగా ఉంది, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, పువ్వు మాత్రం లేదు. దీనికి ఇంటివారు చేసే వైద్యం కూడా సాధారణంగా ఒక్కటే. మరి నాలుగు బిందెల నీరు పోస్తారు, మరి రెండు గంపల ఎరువు వేస్తారు. అప్పటికీ పూయకపోతే ఇది పూసే జాతి కాదని నిశ్చయించి పీకివేస్తారు. సరిగా చూసుకుంటే పన్నెండు, పదిహేను ఏళ్ల వరకు పూలిచ్చే మల్లెపొద ఈ విధంగా ఐదారేళ్లకే పెరటి నుండి పోతుంది. ఆ తరువాత ప్రతి శుక్రవారానికీ, ప్రతి పేరంటానికీ మూరల లెక్కన పూలు కొనవలసిందే. రెండు మూడు పొదల పూలు కట్టి సంతలో అమ్ముకొని ఇంటి చిల్లర ఖర్చులు గడుపుకొనే ఇల్లాలికి ఇది ఇంకా పెద్ద నష్టం.

అటువంటి పొదలలో చాలావాటికి జాతిలోపం ఏమీ ఉండదు. వాటికి ఎండ చాలదు, లేదా నీరూ ఎరువూ ఎక్కువవుతాయి. అన్నింటికంటె ముఖ్యంగా, వాటిపై సకాలంలో కత్తెర పడి ఉండదు. ఈ మూడింటిలో మొదటి రెండింటిని సరిదిద్దడానికి ఇంటివారు వెనుకాడరు. మూడవదానికి మాత్రం చేయి రాదు. కావున పూత ఎక్కడ పుడుతుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

పువ్వు ఎక్కడ పుడుతుంది?

మల్లెపొదను దగ్గరగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ముదిరి గోధుమ రంగుకు తిరిగిన పాతకొమ్మ మీద నేరుగా మొగ్గ రాదు. ఆ కొమ్మ నుండి కొత్తగా పుట్టిన లేత రెమ్మ చివర మొగ్గలు వస్తాయి. ఒక్కొక్క గుత్తిలో సాధారణంగా మూడు మొగ్గలుంటాయి. నడిమి మొగ్గ ముందుగా విచ్చుకుంటుంది, పక్కవి తరువాత విచ్చుకుంటాయి. అనగా పొదకు ఎన్ని కొత్త రెమ్మలు పుడితే అన్ని గుత్తులు. పాతకొమ్మలు ఎంత పొడవుగా పాకినా పూత పెరగదు.

మందార, గులాబీ కూడా ఇదే కోవకు చెందినవి. కొత్త రెమ్మ వచ్చినంత కాలం మందార పూస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి కత్తెర ఎరుగని మందార గోడకంటె ఎత్తుగా లేచి, కొనలలో మాత్రం నాలుగు పువ్వులు పూసి, అడుగు భాగమంతా బోసిగా మిగలడానికి కారణం ఇదే.

కొత్త రెమ్మ దానంతట అది ఎందుకు రాదు అన్న ప్రశ్నకు సమాధానం కొమ్మ కొనలో ఉంది. ప్రతి కొమ్మ చివరనున్న మొలక, తన కింద కణుపులలో నిద్రిస్తున్న మొలకలను లేవనీయకుండా అదుపులో ఉంచుతుంది. కొనను తుంచివేయగానే ఆ అదుపు తొలగి, కింది కణుపుల నుండి రెండు మూడు పక్కరెమ్మలు బయలుదేరుతాయి. ఒక్క కొన పోయిన చోట మూడు కొనలు ఏర్పడతాయి. పూలు కూడా ఆ మేరకు పెరుగుతాయి. కత్తిరింపులోని కిటుకు ఇంతే.

ఎండ, నీరు, నత్రజని

కత్తెర పట్టడానికి ముందు పొద ఉన్న చోటును ఒకసారి చూడవలెను. మల్లెకు, గులాబీకి, మందారకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. నాటిననాడు ఎండలో ఉన్న మల్లెపొద, పదేళ్లకు పక్కనున్న వేప, మామిడి పెరిగి నీడలో పడిపోవచ్చు. అటువంటప్పుడు పై చెట్టు కొమ్మలను రెండింటిని తొలగిస్తే చాలు, పొదను కదిలించనక్కరలేదు. కనకాంబరం, నందివర్ధనం కొంత నీడను ఓర్చుకుంటాయి. చెట్టు నీడ తప్పని పెరటిలో ఆ చోటు వీటికి ఇవ్వడం ఉత్తమం.

రెండవది నీరు. అంట్లు తోమే చోటు నుండి, స్నానాల గది నుండి పారే నీటి కాలువ పక్కనే మల్లెను నాటడం మన గ్రామాలలో ఆచారం. నీరు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. అయితే ఏడాది పొడవునా నేల తడిగా ఉంటే వేరుకు గాలి అందదు. పొదకు విశ్రాంతి కాలమంటూ ఉండదు. అది ఎల్లప్పుడూ ఆకునే పెంచుతూ పోతుంది. పాఠశాలల ప్రహరీ గోడల మీద కాగితపు పూల తీగ ఇందుకు చక్కని ఉదాహరణ. ఎవరూ నీరు పోయని ఎండు వేసవిలో అది ఆకు కనిపించకుండా రంగు తేలుతుంది. దానినే తెచ్చి బావి గట్టున నాటి రోజూ నీరు పోస్తే పచ్చగా పాకిపోతుందే గాని రంగు చూపదు. ఆ మొక్కలో మనం పువ్వులనుకునే రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులే. అసలు పువ్వు వాటి నడుమ సన్నని తెల్లని గొట్టం వలె ఉంటుంది.

మూడవది నత్రజని. ఆకునూ కొమ్మనూ పెంచేది నత్రజని. వేరుకు బలమిచ్చి పూతకు తోడ్పడేది భాస్వరం. మొగ్గ నాణ్యతకు, మొక్క ఆరోగ్యానికి అవసరమైనది పొటాష్. మల్లె తోటలకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచించే మోతాదును చూస్తే ఈ విషయం బోధపడుతుంది. ఎదిగిన ఒక్కొక్క మొక్కకు సంవత్సరానికి పశువుల ఎరువు 10 కిలోలు, నత్రజని 60 గ్రాములు, భాస్వరం 120 గ్రాములు, పొటాష్ 120 గ్రాములు. నత్రజని కంటె మిగిలిన రెండూ రెట్టింపు అన్నమాట. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొలానికి తెచ్చిన యూరియా సంచిలో మిగిలిన గుప్పెడు పెరటి మొక్కకు పడుతుంది. భాస్వరం, పొటాష్ మాత్రం ఎన్నడూ పడవు. పూయని పొదకు యూరియా వేయడం ఆకును మరింత పెంచడమే అవుతుంది.

పచ్చని కొమ్మపై కత్తి వేయవచ్చునా?

"పచ్చని కొమ్మను నరికితే పాపం తగులుతుందమ్మా" అని అత్తగారు వారించడం, కోడలు కత్తెర దాచివేయడం చాలా ఇళ్లలో జరిగేదే. చెట్టును ప్రాణమున్నదిగా చూసే ఈ భావన గౌరవించదగినది. అయినా మల్లె విషయంలో కత్తిరింపును కొట్టివేతగా భావించనక్కరలేదు. వేరు భద్రంగా ఉండి, మొదలు బలంగా ఉండి, పైకొమ్మ మాత్రమే తొలగుతుంది. కొద్ది వారాలలోనే పొద మునుపటికంటె దట్టంగా చిగురిస్తుంది. పూవులకు పేరుపొందిన ప్రాంతాలను చూసినా ఇది తెలుస్తుంది. కర్ణాటకలోని హూవిన హడగలి, ఉడుపి, మైసూరు మల్లెలకూ, తమిళనాడులోని మదురై మల్లెకూ భౌగోళిక గుర్తింపు లభించింది. మదురై మల్లెకు ఆ గుర్తింపు 2013లో వచ్చింది. మల్లెను జీవనాధారంగా చేసుకొన్న తమిళనాటి రైతులు ఏటా పొదలను కత్తిరిస్తారు. కత్తిరించని ఏడు దిగుబడి పడిపోతుందని వారికి అనుభవపూర్వకంగా తెలుసు. పెరటి పొదకూ తోట పొదకూ స్వభావంలో భేదం లేదు.

ఇంట్లో పెద్దలకు మనసొప్పకపోతే మొదటి ఏడు పొదలో సగం కొమ్మలను మాత్రమే కత్తిరించి చూడవచ్చు. మార్చి వచ్చేసరికి ఏ సగం ఎక్కువ పూసిందో వారి కళ్లకే కనిపిస్తుంది. మరుసటి ఏడు ఎవరికీ నచ్చజెప్పవలసిన పని ఉండదు.

మల్లెకు విశ్రాంతి, కత్తిరింపు, ఆహారం

గుండుమల్లెకు చేయవలసిన పనులు మూడు. అవి వరుస తప్పకుండా జరగాలి.

మొదటిది విశ్రాంతి. వానలు వెనుకపట్టిన తరువాత, నవంబరు నెలలో, నేలలో ఉన్న పొదకు రెండు మూడు వారాలపాటు నీరు ఆపివేయాలి. కాలువ నీరు పారుతుంటే దానిని కొంతకాలం పక్కకు మళ్లించాలి. ఆకు వాడి కొంత రాలుతుంది. దీనికి భయపడనక్కరలేదు. కొన్ని చోట్ల రైతులు ఈ సమయంలో తోటలోకి గొర్రెలను వదిలి ఆకు మేపిస్తారు. కుండీలోని మొక్కకు మాత్రం పూర్తిగా నీరు ఆపరాదు. కుండీలో మట్టి తక్కువ గనుక వేరు ఎండిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగా నీరిస్తే చాలును.

రెండవది కత్తిరింపు. నవంబరు చివరి వారం నుండి డిసెంబరులోపు, నేల నుండి సుమారు మూర ఎత్తున, అనగా 45 నుండి 50 సెంటీమీటర్ల వద్ద కొమ్మలన్నింటినీ కత్తిరించాలి. ఎండిన కొమ్మలను, సన్నని పుల్లలను, ఒకదానినొకటి రాసుకుంటున్న కొమ్మలను మొదలంటా తీసివేయాలి. మిగిలిన కొమ్మలకు ఆకు దూసివేయాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కొడవలితో నరికితే కొమ్మ చీలి, ఆ చీలికలో కుళ్లు ప్రవేశిస్తుంది. ఒక మొక్క నుండి మరొక మొక్కకు వెళ్లే ముందు కత్తెరను సబ్బునీటితో కడిగి తుడవడం మంచి అలవాటు. బొటనవేలికంటె లావైన కొమ్మను కోసినచోట కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీటిలో చిక్కగా కలిపి పూస్తే బూజు పట్టదు. వాన కురిసే రోజులలో కత్తిరింపు పనికిరాదు.

మూడవది ఆహారం. కత్తిరించిన వారంలోగా మొదలు చుట్టూ జానెడు దూరం విడిచి పాదు తీసి, వేర్లు తెగకుండా మట్టిని పైపైన తిరగవేయాలి. బాగా చివికిన పశువుల ఎరువు రెండు గంపలు, గుప్పెడు వేపపిండి వేసి మట్టి కప్పి నిండుగా నీరు పోయాలి. పచ్చిపేడ వేయరాదు, అది వేడి చేసి వేరును దెబ్బతీస్తుంది, చెదలను కూడా పిలుస్తుంది. పైన చెప్పిన పోషకాలను దుకాణపు ఎరువులలోకి మార్చి చూస్తే, ఎదిగిన మొక్కకు ఏడాదికి యూరియా 130 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 750 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 200 గ్రాములు అవుతుంది. దీనిని రెండు సమభాగాలు చేసి, ఒకటి కత్తిరింపు తరువాత, రెండవది జూన్, జూలై నెలలలో వేయాలి. ఇది పూర్తిగా ఎదిగిన తోట మొక్కకు చెప్పిన మోతాదు. పశువుల ఎరువు సమృద్ధిగా పడే పెరటి పొదకు ఇందులో సగం సరిపోతుంది. కుండీ మొక్కకు దుకాణపు ఎరువుల బదులు, నానబెట్టి పలుచగా చేసిన వేరుశనగ చెక్క నీరు నెలకొకసారి ఇవ్వడం క్షేమం.

కొద్ది వారాలలో చిగురు కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలకు తొలి మొగ్గలు వస్తాయి. అప్పటి నుండి నేలను తడి ఆరకుండా చూడవలెను. విశ్రాంతి కాలంలో మేలు చేసిన ఎండుదనమే మొగ్గ కాలంలో కీడు చేస్తుంది. మొగ్గ తొడిగినప్పుడు నీరు చాలకపోతే మొగ్గలు చిన్నవై రాలిపోతాయి. మొదటి కాపు పూర్తయిన తరువాత, పూసిన రెమ్మల కొనలను ఒకటి రెండు జతల ఆకులతో సహా తుంచివేస్తే మళ్లీ పక్కరెమ్మలు వచ్చి రెండవ కాపు అందుతుంది. ఈ చిన్న పని పూలు కోస్తూనే చేయవచ్చు. ఈ విధంగా చూసుకున్న పొద వానాకాలం వరకు విడతలు విడతలుగా పూస్తుంది.

అన్ని పొదలకూ ఒకే నెల కాదు

మల్లెకు చెప్పిన నెలలోనే పెరటిలోని మొక్కలన్నింటినీ కత్తిరించడం పొరపాటు. ఏ పొద అయినా పూత ముగిసిన తరువాత, మళ్లీ కొత్త రెమ్మ వేయడానికి ముందు కత్తిరించాలన్నది సూత్రం. ఇందుకు డిసెంబరు పూలే నిదర్శనం. అవి వానాకాలంలో రెమ్మలు పెంచుకొని చలికాలంలో పూస్తాయి. దసరా శుభ్రతలో భాగంగా వాటిని కత్తిరించినవారు ఆ ఏటి పూలను చేతులారా పోగొట్టుకున్నట్లే. వాటిని పూత ముగిసిన పిమ్మట, ఫిబ్రవరిలో, జానెడు ఎత్తుకు కత్తిరించాలి.

జాజిని డిసెంబరు చివర కత్తిరిస్తారు. గులాబీకి అక్టోబరు రెండవ పక్షం నుండి నవంబరు వరకు అనుకూల సమయం. కత్తిరించిన సుమారు 45 రోజులకు గులాబీ పూతకు వస్తుంది. బయటి వైపుకు తిరిగిన మొలకకు కొద్దిగా పైన, నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. అంటు కట్టిన చోటుకు దిగువ నుండి, ఆకు తీరు వేరుగా ఉండే రెమ్మ వస్తే దానిని వెంటనే మొదలంటా తీసివేయాలి. అది అంటుకు అడుగున వాడిన నాటు మొక్క రెమ్మ. దానిని వదిలితే పై గులాబీని మింగివేస్తుంది. "కొన్న ఏడు బాగా పూసింది, తరువాత పూయలేదు" అనే గులాబీలలో కొన్నింటికి ఇదే కారణం.

మందారను ఫిబ్రవరిలో మూడవ వంతు మేరకు తగ్గిస్తే చాలు. నందివర్ధనానికి లోతైన కత్తిరింపు అవసరం లేదు, పూత తగ్గినప్పుడు కొనలను సవరిస్తే సరిపోతుంది. కోసినచోట పాలు కారతాయి గనుక పిల్లల కళ్లకు తగలకుండా జాగ్రత్త పడాలి. కనకాంబరంలో పూలు రాలిన కంకులను ఎప్పటికప్పుడు తీసివేయాలి. ఆ కంకి గింజ కట్టడానికి వాడే బలం కొత్త కంకులకు మళ్లుతుంది. గింజ కట్టని ఢిల్లీ కనకాంబరాన్ని కొమ్మల ద్వారానే పెంచాలి.

నేలను బట్టి, వానను బట్టి

సరిహద్దు జిల్లాలన్నింటికీ ఒకే తిథి చెప్పడం సాధ్యం కాదు. హోసూరు, కృష్ణగిరి, తిరువళ్లూరు వైపు ఈశాన్య ఋతుపవనాల వానలు నవంబరులోనూ, కొన్నేళ్లు డిసెంబరులోనూ కురుస్తాయి. అక్కడ నీరు ఆపుదామన్నా ఆకాశం ఆపనీయదు. వాన తెరిపి ఇచ్చి నేల ఆరిన తరువాతనే కత్తెర పట్టాలి. యానాంలో తుపాను వానలకు తోడు గోదావరి పాయ పక్కన నేలలో నీటిమట్టం పైకి ఉంటుంది. కావున అక్కడ మల్లెను, గులాబీని గుంటలో కాక మూరెడు ఎత్తు మట్టి దిబ్బ మీద నాటడం శ్రేయస్కరం. రాయగడ, గజపతి కొండ ప్రాంతాలలో చలి ఎక్కువగా ఉన్న ఏడు కత్తిరింపును జనవరి మొదటి పక్షం వరకు జరపవచ్చు. సిరొంచ వైపు వేసవి తీవ్రత దృష్ట్యా ఏప్రిల్, మే నెలలలో పాదులో ఎండుటాకు లేదా వరిగడ్డి కప్పి తడిని కాపాడాలి.

బళ్లారి, రాయచూరు జిల్లాల నల్లరేగడిలో వేరొక చిక్కు ఉంది. ఆ నేల నీటిని పట్టి ఉంచుతుంది, సున్నం పాలు కూడా ఎక్కువ. నాటే గుంటలో మూడవ వంతు ఇసుక, మూడవ వంతు చివికిన ఎరువు కలిపితే వేరు ఊపిరి పీల్చుకుంటుంది. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వైపు ఎర్రనేలలు నీటిని త్వరగా వదిలివేస్తాయి. అక్కడ బోరునీరు ఉప్పగా ఉన్నచోట వాననీటిని పట్టి కుండీ మొక్కలకైనా వాడటం మంచిది. పొయ్యి బూడిదలో పొటాష్ ఉన్నమాట నిజమే, కాని సున్నపు నేలలో బూడిద ఎక్కువైతే పోషకాలు మొక్కకు అందకుండా పోతాయి. అటువంటి చోట బూడిద మానడమే మంచిది.

ఆకు చెప్పే మాట, మొగ్గ చెప్పే మాట

లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నపు నేలల మల్లెకు ఇది తరచుగా వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేలా చల్లాలి. పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చేస్తే పచ్చదనం తిరిగి వస్తుంది. అడుగు ఆకులు ఈనెలతో సహా పసుపుబారుతుంటే నీరు నిలిచిందేమో, లేక ఎరువు చాలలేదేమో చూడాలి.

మొగ్గకు రంధ్రం ఉండి లోపల విసర్జన కనిపిస్తే అది మొగ్గ తొలిచే పురుగు పని. మొగ్గ ఊదారంగుకు తిరిగి, తొడిమ దగ్గర ఉబ్బి, విచ్చుకోకుండా ఎండిపోతే మొగ్గ ఈగ ఆశించిందని గ్రహించాలి. దెబ్బతిన్న మొగ్గలను చెట్టున గాని నేలన గాని వదలక ప్రతిదినం ఏరి, లోతుగా పాతిపెట్టాలి. ఈ పురుగులు మట్టిలోనే కోశస్థ దశ గడుపుతాయి గనుక పాదును పైపైన తిరగవేసి ఎండ తగలనీయాలి. ఆకు అడుగున సన్నని గూళ్లు, పైన తెల్లని చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. ఆకు అడుగు భాగానికి నీటిని బలంగా చిమ్మితే ఇది చాలావరకు తగ్గుతుంది. మందార కొనలలో తెల్లని దూది వలె పట్టే పిండినల్లికి ఆ కొనలను కత్తిరించి తీసివేయడమే మొదటి చికిత్స. చీమలు ఈ పురుగును కాపాడతాయి గనుక చీమల బారును కూడా అరికట్టాలి.

కనకాంబరం గిడసబారి, వేరుకు బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు పట్టాయని అర్థం. అదే చోట మళ్లీ కనకాంబరం నాటరాదు. ఆ స్థలంలో ఒక కాలం బంతి వేసి, వేపపిండి కలిపి, ఆ తరువాతనే నాటాలి.

మందు చల్లే ముందు

పెరటి పువ్వు పంట పొలంలోని పత్తి వంటిది కాదు. సాయంత్రం కోసిన మొగ్గ రాత్రికి పిల్ల జడలో ఉంటుంది, తెల్లవారితే దేవుని పటం మీద ఉంటుంది. పత్తికి, మిరపకు తెచ్చిన మందులో మిగిలినదానిని మల్లెపొద మీద చల్లడం కొన్ని గ్రామాలలో చూస్తున్నదే. ఇది తగని పని. బావి పక్కన, పశువుల తొట్టి పక్కన ఉన్న పొదకైతే మరింత ప్రమాదం.

ఇంటికి వేపనూనె చాలును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, పూలు కోసిన తరువాత, ఎండ తగ్గిన వేళ చల్లాలి. నూనె దొరకకపోతే లీటరుకు 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి వడగట్టిన కషాయం వాడవచ్చు. ఎర్రనల్లి తగ్గకపోతే నీటిలో కరిగే గంధకపు పొడి లీటరుకు 2 గ్రాములు వాడతారు. మండుటెండలో దీనిని చల్లితే ఆకు మాడుతుంది.

సరిహద్దు దుకాణాలలో మందు డబ్బా మీద ఏ భాష ఉంటుందో చెప్పలేము. ఇంట్లో తెలుగు మాత్రమే చదవగల పెద్దలు, తెలుగు మాట్లాడగలిగినా బడిలో కన్నడమో తమిళమో చదువుకొన్న పిల్లలు ఉంటారు. అటువంటివారికి డబ్బా మీద ఉండే రంగు గుర్తు ఉపకరిస్తుంది. మన దేశంలో అమ్మే పురుగుమందుల డబ్బాలపై ఈ రంగు గుర్తు తప్పనిసరి. ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే అధిక విషం, నీలం ఉంటే మధ్యస్థం, ఆకుపచ్చ ఉంటే స్వల్పం. ఎరుపు, పసుపు గుర్తులున్న డబ్బాను పెరటిలోకి తేనే రాదు. ఈ నాలుగు రంగులను పిల్లలకు ఈనాడే చూపించి నేర్పడం ప్రతి ఇంటి బాధ్యత.

పాత పొదను నిలుపుకోవడం

పూయని పొదను పీకడానికి ముందు ఒక్క ఏడు గడువు ఇవ్వాలి. ఎండ తగిలేలా చేసి, నవంబరులో నీరు ఆపి, మూర ఎత్తున కత్తిరించి, చివికిన ఎరువు వేసి, మరుసటి మార్చి వరకు వేచి చూడాలి. అత్తవారింటికి వచ్చినప్పుడు పుట్టింటి నుండి తెచ్చి నాటిన మల్లె, ఊరు మారినప్పుడు పాత ఇంటి నుండి తెచ్చుకొన్న నందివర్ధనం మన కుటుంబాలలో ఎన్నో ఉన్నాయి. అటువంటి మొక్కను దుకాణంలో మళ్లీ కొనలేము.

పొద నిజంగానే వయసు మీరి ఉంటే దాని అంటును నిలుపుకోవచ్చు. వానాకాలంలో నేలకు వంగిన కొమ్మను తీసుకొని, ఒక కణుపు వద్ద కింది భాగాన బెరడును కొద్దిగా గీరి, ఆ కణుపును మట్టిలో పాతి, పైన రాయి ఉంచాలి. కొమ్మ చివర బయట ఉండాలి. రెండు మూడు నెలలలో వేరు పడుతుంది. అప్పుడు తల్లి మొక్క నుండి వేరు చేసి కొత్త చోట నాటుకోవచ్చు. ఈ నేల అంటులో పుట్టిన మొక్క అన్ని విధాలా తల్లి మొక్క వంటిదే. అదే పువ్వు, అదే వాసన.

గుర్తుంచుకోవలసిన నెలలు

అక్టోబరు, నవంబరు: వాన తెరిపి ఇచ్చాక గులాబీ కత్తిరింపు. డిసెంబరు పూలను ముట్టరాదు.

నవంబరు: మల్లెకు నీరు ఆపడం. నెలాఖరు నుండి కత్తిరింపు, ఎరువు, నీరు.

డిసెంబరు చివర: జాజి కత్తిరింపు.

ఫిబ్రవరి: మందార సవరణ, పూత ముగిసిన డిసెంబరు పూల కత్తిరింపు. మల్లెకు నీరు తప్పనీయరాదు.

మార్చి నుండి మే వరకు: మల్లె కోత, పూసిన కొనలను తుంచడం, పాదులో గడ్డి కప్పడం.

జూన్, జూలై: మల్లెకు రెండవ విడత ఎరువు, నేల అంట్లు వేయడం.

సందేహం తీరనప్పుడు దెబ్బతిన్న ఆకును, మొగ్గను ఒక కాగితంలో చుట్టి సమీపంలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, ఉద్యాన శాఖ కార్యాలయానికి గాని తీసుకువెళ్లి చూపించవచ్చు. తెలుగులో చెబితే అర్థం కాని చోట నమూనాయే సగం మాట చెబుతుంది. మిగిలిన సగం చెప్పడానికి బడిలో ఆ రాష్ట్ర భాష చదువుకుంటున్న పిల్లవాడిని వెంట తీసుకువెళ్లడం మంచిది. పొద సంగతి వాడికీ తెలుస్తుంది.